ర్యాంకు చూసి ఇచ్చే స్కాలర్‌షిప్, గైడ్‌ను బట్టి సాగే పీహెచ్‌డీ

1913లో బరోడా సంస్థానం భీంరావ్ అంబేడ్కర్‌కు ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు. గడువు మూడేళ్లు. చదువయ్యాక పదేళ్లు బరోడా కొలువులో పనిచేస్తానని ఆయన ముందే ఒప్పందం రాసిచ్చారు. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం, అక్కణ్నుంచి లండన్‌లో ఇంకో డాక్టరేట్ కోసం థీసిస్. ఆ పని సగంలో ఉండగానే, మరో ఏడాది పొడిగించిన గడువు కూడా తీరిపోయింది. 1917లో ఓడెక్కి వెనక్కి రావాల్సి వచ్చింది.

వందేళ్లు దాటినా సర్కారు సొమ్ముతో విదేశాల్లో పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థి చూసుకోవాల్సినవి అవే: ఎంతిస్తారు, ఎన్నాళ్లిస్తారు, బదులుగా ఏం రాయించుకుంటారు. ఈ మూడింటి గురించి అందరూ అడుగుతారు. అడగని ప్రశ్న ఇంకొకటుంది. ఎవరికివ్వాలో ఆ ప్రభుత్వం దేన్ని చూసి తేలుస్తుంది? ఒక పథకం విశ్వవిద్యాలయం ర్యాంకు చూస్తుంది, ఒకటి మార్కులు చూస్తుంది, ఇంకొకటి పరిశోధన ప్రణాళిక చూస్తుంది. అన్నింటికీ ఒకే ఫైలు పట్టుకుని తిరిగితే ఏదో ఒక గుమ్మం దగ్గర ఆగిపోవడం ఖాయం.

అసలు స్కాలర్‌షిప్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీ సీటంటే చాలావరకు అసిస్టెంట్‌షిప్ కూడా అందులోనే ఉంటుంది. ఫీజు మాఫీ చేసి, పాఠం చెప్పినందుకో ల్యాబ్‌లో పనిచేసినందుకో నెలనెలా జీతం ఇస్తారు. జర్మనీలో చాలామంది పీహెచ్‌డీ విద్యార్థులు కాంట్రాక్టు మీద పనిచేసే ఉద్యోగులే. నెదర్లాండ్స్, స్వీడన్‌లలోనూ అంతే. అమీర్‌పేట కన్సల్టెన్సీల్లో ఎంఎస్‌కూ పీహెచ్‌డీకీ ఒకే బ్రోచర్ చేతిలో పెడతారు కాబట్టి ఈ తేడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎంఎస్‌కు అప్పు చేసి వెళ్లినట్టు పీహెచ్‌డీకి వెళ్లడం అక్కడ మామూలు సంగతి కాదు. జీతం లేని పీహెచ్‌డీ సీటు వస్తే గైడ్ దగ్గర ప్రాజెక్టు డబ్బులు లేవేమోనని అనుమానించాలి.

సర్కారు డబ్బు నిజంగా అక్కరకొచ్చేది బ్రిటన్‌లో. విదేశీ విద్యార్థికి ఏడాదికి పాతికవేల పౌండ్ల పైచిలుకు ఫీజు అక్కడ మామూలే. బ్రిటన్ పరిశోధన మండళ్లు ఇచ్చే పీహెచ్‌డీ సీట్లలో విదేశీయుల వాటా 30 శాతం దాటకూడదని నియమం ఉంది. అందుకే ఆఫర్ లెటర్ వచ్చి కూడా డబ్బు లేక ఆగిపోయేవాళ్లు అక్కడ ఎక్కువగా తగులుతారు. చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం వంటి సబ్జెక్టులవాళ్లకు ఏ దేశమైనా కష్టమే.

మన దేశంలో ఇలాంటివాళ్ల కోసం ఉన్న పాత పథకం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 1954-55 నుంచి నడుస్తోంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ చూసే ఈ పథకంలో ఏడాదికి 125 మందికి చోటు. అందులో 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవాళ్ల పిల్లలకు. ముప్పై శాతం మహిళలకు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, పీజీలో 60 శాతం మార్కులు. ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ పథకం వేరుగా ఉంది. అందులో ఉన్నవి ఇరవై సీట్లే. వాటిలో మూడు అతి బలహీన ఆదిమ గిరిజన తెగలవాళ్లకు.

ఎస్సీల పథకంలో చేరాల్సిన విశ్వవిద్యాలయం, క్యూఎస్ అనే సంస్థ ప్రపంచ విశ్వవిద్యాలయాలకు ఇచ్చే ర్యాంకుల్లో మొదటి 500లో ఉండాలి. ఎంపిక కూడా ఆ ర్యాంకు వరసలోనే. అంటే ఒక విద్యార్థికి 40వ ర్యాంకు విశ్వవిద్యాలయంలో, ఇంకో విద్యార్థికి 320వ ర్యాంకు విశ్వవిద్యాలయంలో ఆఫర్ ఉంటే ముందు వెళ్లేది మొదటి విద్యార్థే. రెండో విద్యార్థి చేరబోయే ల్యాబ్ ఆ సబ్జెక్టులో ప్రపంచంలోనే పేరున్నదైనా లెక్కలోకి రాదు. పీహెచ్‌డీ సాగేది గైడ్‌ను బట్టి, ల్యాబ్‌ను బట్టి. క్యూఎస్ ర్యాంకు విశ్వవిద్యాలయం మొత్తానికి ఇచ్చేది. అందులో పేరు ప్రఖ్యాతుల సర్వేలకు బోలెడు బరువు. ఎంబీఏ సీటుకు ఆ కొలత సరిపోతుందేమో కానీ పరిశోధనకు సరిపోదు. అలాగని నియమం మీద అలిగి కూర్చుంటే సీటు రాదు. ఈ పథకాన్ని నమ్ముకున్నవాళ్లు గైడ్ల జాబితా రాసుకునేటప్పుడే ప్రతి పేరు పక్కనా ర్యాంకు కూడా రాసుకోవాలి. ఇద్దరు గైడ్లు సమానంగా నచ్చితే పైర్యాంకు విశ్వవిద్యాలయంలో ఉన్నాయనకే ముందు మెయిల్ పెట్టాలి.

2022లో ఇంకో అడ్డు వచ్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదని మార్గదర్శకాల్లో చేర్చారు. వీటికి కావాల్సిన వనరులన్నీ ఇక్కడే ఉండగా బయటికెందుకన్నది శాఖ ఇచ్చిన వివరణ. వినడానికి బాగానే ఉంది. కానీ తెలుగు, తమిళ, మరాఠీ గ్రామాలకు సంబంధించిన వలస పాలన రికార్డులు ఎన్నో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంతకంటే ఇబ్బంది కలిగించేది మరొకటి. కులం గురించి పరిశోధించాలన్న ఆసక్తి సహజంగానే ఎక్కువుండే విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో కులమే నిషిద్ధ విషయం అయింది. ఇలాంటి అంశం తీసుకున్నవాళ్లు ఇక్కడ దరఖాస్తు పెట్టి ఏడాది పోగొట్టుకునే కంటే ఆ విశ్వవిద్యాలయం సొంత స్కాలర్‌షిప్‌లు చూసుకోవడం మేలు. టైటిల్‌లోంచి ఇండియా అన్న మాట తీసేసి దరఖాస్తు పెట్టవచ్చుగా అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. థీసిస్ అంతా తెలంగాణ గురించి ఉన్నప్పుడు ఆ చాటుమాటు నాలుగేళ్లు దాగదు.

ఎంతిస్తారో చూద్దాం. ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. విమాన టికెట్, వీసా ఫీజు, ఆరోగ్య బీమా కూడా దానిదే. జీవన భృతి కింద మార్గదర్శకాల్లో ఏళ్లుగా కనిపిస్తున్న అంకె బ్రిటన్‌కు ఏడాదికి 9,900 పౌండ్లు, మిగతా దేశాలకు 15,400 డాలర్లు. 2025-26లో బ్రిటన్ పరిశోధన మండళ్లు తమ పీహెచ్‌డీ విద్యార్థికి ఇచ్చే కనీస భృతి 20,780 పౌండ్లు. ఒకే ల్యాబ్‌లో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఒకరికి వచ్చేది రెండోవాళ్లకు వచ్చేదాంట్లో సగం కూడా కాదన్నమాట. బ్రిటన్ వీసా అధికారులు 2025 జనవరిలో పెట్టిన లెక్క ఇంకో సంగతి చెబుతుంది. లండన్ బయట నెలకు 1,136 పౌండ్లు, లండన్‌లో 1,483 చొప్పున తొమ్మిది నెలల ఖర్చు చూపించాలన్నారు. అంటే బయట 10,224, లండన్‌లో 13,347. తొమ్మిది నెలలకు వాళ్లు కనీసమని చెప్పేదానికంటే మనవాళ్లు పన్నెండు నెలలకు ఇచ్చేదే తక్కువ. ప్రభుత్వమే స్పాన్సర్ అన్న లెటర్ ఉంటే వీసా వరకు ఆ చిక్కు తీరవచ్చు. ఇంటి అద్దె కట్టేటప్పుడు ఆ లెటర్ పనికిరాదు. లీడ్స్, షెఫీల్డ్, గ్లాస్గో లాంటి ఊళ్లలో ఎలాగోలా సర్దుకోవచ్చు కానీ లండన్‌లో ఆఫర్ వచ్చిందని ఎగిరి గంతేసేముందు గది అద్దె ఒకసారి కనుక్కోవాలి.

గడువు సంగతీ అంతే. పీహెచ్‌డీకి నాలుగేళ్లిస్తారు. బ్రిటన్‌కు అది సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో అయిదారేళ్లు పడుతుంది కాబట్టి చివరి ఏడాదిని ఎవరు భరిస్తారో గైడ్‌తో మొదట్లోనే మాట్లాడుకుని, మాటతో వదిలేయకుండా మెయిల్లో రాయించుకోవాలి.

తెలుగు రాష్ట్రాల పథకాలు వేరే తీరు. ఉమ్మడి రాష్ట్రంలో పుట్టి తెలంగాణలో కొనసాగుతున్న అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షలిస్తారు. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరుతో ఇలాంటివే ఉన్నాయి. చూసేవి డిగ్రీ మార్కులు, జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు. డబ్బు రెండు విడతల్లో: అక్కడ దిగిన ఆధారం చూపించాక పది లక్షలు, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక పది లక్షలు. కాగితం మీద పీహెచ్‌డీకి కూడా వర్తిస్తుంది కానీ దీన్ని కుట్టింది ఎంఎస్ కొలతలకే. చాలా బ్రిటన్ పీహెచ్‌డీల్లో సెమిస్టర్ అనేదే ఉండదు. మొదటి ఏడాది చివర్లో ఒక రివ్యూ ఉంటుంది. రెండో విడత కోసం సెమిస్టర్ మార్కుల మెమో అడిగే క్లర్కుకు ఆ రివ్యూ లెటర్ ఏమిటో వివరించి చెప్పాల్సి వస్తుంది. ఆ లెటర్‌లో ‘సంతృప్తికరమైన పురోగతి’ అన్న మాట స్పష్టంగా ఉండేలా విశ్వవిద్యాలయం ఆఫీసును ముందే అడిగి రాయించుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన విదేశీ విద్యా దీవెన ఆ తర్వాత సబ్జెక్టులవారీ ర్యాంకులకు మారింది. ఆ సబ్జెక్టులో మొదటి 50లో ఉన్న విద్యాసంస్థ అయితే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కోటీ పాతిక లక్షల దాకా అన్నారు. సబ్జెక్టు ర్యాంకు చూడటం కొంత నయం, విశ్వవిద్యాలయం మొత్తాన్ని కాకుండా డిపార్టుమెంటు దాకా అయినా దిగారు. కాకపోతే గీత మరీ ఇరుకు. పైగా రాష్ట్ర పథకాలకు ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, పేరుతో పాటు నియమాలూ మారతాయి. పీహెచ్‌డీ నాలుగైదేళ్లు సాగేది. మధ్యలో ఒక ఎన్నిక తప్పకుండా వస్తుంది.

పథకం ఏదైనా తెలుగు విద్యార్థిని ఎక్కువ ఏడిపించేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, తర్వాత పేరు. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ముందు. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, అసలు పేరు ఇంకో గడిలో. ఆఫర్ లెటర్ పాస్‌పోర్టు చూసి వస్తుంది కాబట్టి అందులో ఇంటిపేరు చివర. కుల ధ్రువీకరణ పత్రంలో ఇవేవీ కాకుండా, తహసీల్దార్ ఆఫీసులో ఎవరో టైప్ చేసిన స్పెల్లింగ్. ఢిల్లీలో ఫైలు చూసే మనిషికి ఇవన్నీ ఒకే మనిషివని ఎలా తెలుస్తుంది? తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుందని అక్కడ పాఠం చెప్పేవాళ్లెవరూ ఉండరు. దరఖాస్తుకు ఆరేడు నెలల ముందే మీసేవలో కుల పత్రం పాస్‌పోర్టు స్పెల్లింగ్‌తో మళ్లీ తీసుకుని, అయినా మిగిలిన తేడాలకు నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. ఆదాయ పత్రం మాత్రం ముందే తీసి పెట్టుకుంటే లాభం లేదు. ఏ ఆర్థిక సంవత్సరానిది అడిగారో చూసి దానికే తీసుకోవాలి. తండ్రి ఉద్యోగి అయితే ఐటీ రిటర్నులో ఉన్న అంకె, ఆదాయ పత్రంలో ఉన్న అంకె ఒకదానికొకటి పొంతన కుదరాలి.

రెండోది శాతం. 6.5 సీజీపీఏతో ఎంటెక్ అయిన విద్యార్థికి అరవై శాతం ఉన్నట్టా లేనట్టా? హైదరాబాద్ జేఎన్‌టీయూ సూత్రం సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో హెచ్చించమంటుంది. అరవై వస్తుంది, అర్హత ఉంది. కాకినాడ జేఎన్‌టీయూ సూత్రంలో తీసేది 0.75. అప్పుడు 57.5 వస్తుంది, అర్హత లేదు. రెగ్యులేషన్‌ను బట్టి సూత్రం మారుతుంది కాబట్టి సొంతంగా పదితో హెచ్చించి గడి నింపేయకుండా, పరీక్షల విభాగం నుంచి శాతం రాసిన పత్రం తెచ్చి జతచేయాలి.

ఇవి చిల్లర విషయాల్లా కనిపిస్తాయి. 2025లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు వచ్చిన దరఖాస్తులు 440. ఎంపికైనవి 106. పోటీలో నిలిచి ఓడినవి 64. తిరస్కరించినవి 270. అంటే పోటీలో ఓడినవాళ్లకంటే పోటీ దాకా రానివాళ్లే నాలుగింతలు. పైగా ఉన్న 125 చోట్లూ నిండలేదు.

ఎంపికైన 106 మంది కథ కూడా అక్కడితో సుఖాంతం కాలేదు. జులైలో తాత్కాలిక అవార్డు లెటర్లు అందింది మొదట నలభై మందికే. మిగతావాళ్లకు నిధులు ఉంటేనే ఇస్తామన్నారు. సెప్టెంబరులో క్లాసులు. మధ్యలో బాండ్ పేపర్లు, జామీనుదారుల సంతకాలు, తుది అవార్డు లెటర్, ఆ లెటర్ చూపించి వీసా. బ్రిటన్‌లో కొన్ని సైన్స్, ఇంజినీరింగ్ అంశాలకు వీసాకు ముందు అటాస్ అనే భద్రతా అనుమతి కూడా కావాలి. దానికొక్కదానికే వారాలు పడుతుంది. విశ్వవిద్యాలయం కాలెండర్ సెప్టెంబరు నుంచి, ప్రభుత్వం కాలెండర్ ఏప్రిల్ నుంచి. రెండూ కలిసే చోట విద్యార్థి నలిగిపోతాడు. తుది లెటర్ చేతికొచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయకూడదు. అవార్డు లెటర్ కోసం చూడకుండా అటాస్‌కు వెంటనే అప్లై చేయాలి, దానికి ఫీజు లేదు.

విదేశీ ప్రభుత్వాలు నేరుగా ఇచ్చే స్కాలర్‌షిప్‌ల దగ్గర కొలత పూర్తిగా మారిపోతుంది. జపాన్ విద్యాశాఖ ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్‌నే తీసుకుంటే, పీహెచ్‌డీ విద్యార్థికి నెలకు 1,45,000 యెన్లు, ఫీజు మాఫీ. కులం, ఆదాయం ఏవీ అడగరు. వయసు 35 లోపు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎంబసీ ప్రకటన వస్తుంది. కాగితాల వడపోత, రాతపరీక్ష, ఇంటర్వ్యూ అయ్యాక ఎంబసీ ఇచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని విద్యార్థే జపాన్ ప్రొఫెసర్లకు రాసి, చేర్చుకుంటామన్న లెటర్ తెచ్చుకోవాలి. దాన్ని అక్కడ నైదకుషో అంటారు. మనవైపు ఆఫర్ ముందు, స్కాలర్‌షిప్ తర్వాత. జపాన్‌లో స్కాలర్‌షిప్ మొదటి గడప దాటాకే విశ్వవిద్యాలయం లెటర్. హంగరీ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు రెండు తలుపులు ఒకేసారి తట్టాలి: వాళ్ల పోర్టల్‌లో జనవరి మధ్యలోపు ఒక దరఖాస్తు, మన కేంద్ర విద్యాశాఖ నామినేషన్ కోసం ఇంకొకటి. రెండోదాన్ని మరిచిపోతే మొదటిది చెల్లదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌ను పూర్తి పీహెచ్‌డీ అనుకునేవాళ్లున్నారు. అది ఇక్కడ పీహెచ్‌డీలో చేరినవాళ్లు ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా వెళ్లి పని చేసి రావడానికి. వీసా నియమం ప్రకారం తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి.

మెక్స్‌ట్ దరఖాస్తులో గుండెకాయ పరిశోధన ప్రణాళిక, ఒకటి రెండు పేజీలు. ర్యాంకులూ మార్కులూ ఇక్కడ కాపాడవు. ‘నీటి కాలుష్యం నేడు ప్రపంచం ఎదుర్కొంటున్న పెద్ద సమస్య’ అని మొదలుపెట్టే ప్రణాళిక రెండో వాక్యం దాకా కూడా చదివించదు. నల్గొండ విద్యార్థి ఒకరు ఫ్లోరైడ్ మీద పని చేయాలనుకుంటే రాయాల్సింది తన ఊరి బోరునీటి గురించి. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దించుతారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటికి పటిక ఎక్కువ వేయాలి. ఎక్కువ వేస్తే శుద్ధి అయిన నీటిలో అల్యూమినియం మిగులుతుంది, అడుగున బురద పేరుకుంటుంది. ‘ఆ మిగులును తగ్గించడానికి పటిక మోతాదును నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి)తో ఎలా జోడించాలి’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, చదివే ప్రొఫెసర్ కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతాడు. ఆ ప్రశ్నకు ఆయన ల్యాబ్‌లో ఉన్న ఏ పరికరం, ఆయన రాసిన ఏ పేపర్ పనికొస్తాయో ఇంకో రెండు వాక్యాలు. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్’ అని యాభై మందికి పంపే మెయిల్‌కు జవాబు రాదు. ఈ మెయిల్‌కు పదిమందిలో ఒకరిద్దరైనా రాస్తారు.

ఈ ప్రణాళికను మన కేంద్ర పథకం కోసమే దరఖాస్తు చేసేవాళ్లు కూడా రాసుకోవాలి. మంచి ర్యాంకు విశ్వవిద్యాలయంలో గైడ్ ఒప్పుకునేది దాన్ని చూసే కదా. గైడ్ ఒప్పుకున్నాక ఆయనకు మొదటి మెయిల్లోనే చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది: డబ్బు భారత ప్రభుత్వం నుంచి వస్తుంది, తుది లెటర్ సెప్టెంబరుకు అందకపోవచ్చు, జనవరికో వచ్చే ఏడాదికో చేరిక వాయిదా వేయడానికి వీలుంటుందా అని. చాలా విశ్వవిద్యాలయాలు ఒకసారి వాయిదాకు ఒప్పుకుంటాయి. ఆగస్టు చివర్లో కంగారుగా అడిగినవాళ్ల కంటే మార్చిలో నిదానంగా అడిగినవాళ్లకు ఆ ఒప్పుకోలు తేలిగ్గా దొరుకుతుంది.

1917లో లండన్ వదిలి వచ్చేటప్పుడు అంబేడ్కర్ చేతిలో ఉన్నదీ ఇలాంటి కాగితమే. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి చదువు కొనసాగించుకోవచ్చని లండన్ విశ్వవిద్యాలయం ఇచ్చిన అనుమతి. బొంబాయిలోని సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న డబ్బుకు స్నేహితుడి దగ్గర తీసుకున్న అప్పు కలుపుకుని 1920లో ఆయన మళ్లీ ఓడెక్కారు. 1923లో డీఎస్సీ, అంటే డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా వచ్చింది.